ముందు ఒక కొమ్మ అడగండి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు యాభై ఆరేళ్లు. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయీ కోడలూ నెల్లూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. మనవడిని చూసుకోవడానికని రెండేళ్ల కిందట నేనూ మా ఆయనా ఇక్కడికి వచ్చేశాం. అపార్ట్‌మెంటు మిద్దె మీద పది కుండీలు పెట్టుకున్నాను. సాయంత్రం అయిదున్నరకు ఏడెనిమిది మంది మొక్కలకు నీళ్లు పోయడానికి పైకి వస్తారు. నీళ్లు పోయడం పావుగంట, మాట్లాడుకోవడం గంట. పిల్లల చదువులు, కూరలు, మోకాళ్ల నొప్పులు, పూలు, కుట్టుపని, అన్నీ దొర్లుతాయి. నేను వాటర్ ట్యాంకు పక్కన నా కుండీల దగ్గరే నిలబడి వింటూ ఉంటాను. వాళ్లు అడీనియం, పెటునియా అంటారు. నా దగ్గర బంతి, కనకాంబరం, మల్లె తప్ప ఇంకేమీ లేవు.

మూడు వారాల కిందట ధైర్యం చేసి మాట కలిపాను. ఒకామె, వానకు తడిసి ముద్దయిన గులాబీ కుండీలో మళ్లీ బకెట్‌తో నీళ్లు పోస్తోంది. "అన్ని నీళ్లు పోస్తే వేరు కుళ్లిపోద్ది, ఆ మాత్రం తెలియదా ఏంది?" అన్నాను. మా వైపు అట్టనే మాట్లాడుకుంటాం. ఆమె మొహం మాడిపోయింది. అప్పట్నుంచి నన్ను చూస్తే పక్కకు తిరుగుతోంది. మిగతావాళ్లు కూడా నేను పైకి రాగానే గొంతు తగ్గిస్తున్నారనిపిస్తోంది. మా అబ్బాయేమో "ఆ సోదంతా నీకెందుకమ్మా, టీవీ చూసుకో" అంటాడు. ఈ వయసులో స్నేహాలు కావాలనుకోవడం తప్పా? ఆమెతో మళ్లీ ఎలా మాట్లాడాలి? ఇంకో సంగతి. నా మల్లె రెండేళ్ల నుంచి ఆకులే వేస్తోంది, పూత లేదు. కనకాంబరాలు ఒక్కొక్కటే వాడిపోయి చచ్చిపోతున్నాయి. కుండీల అంచుల మీద తెల్లగా ఉప్పులాగా పేరుకుంటోంది. వాటి గురించి కూడా చెప్పండి.
— ఒక చెల్లెలు, నెల్లూరు

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మొక్కల సంగతే చూశాను, నా అలవాటు అలాంటిది. రెండోసారి చదివినప్పుడు ఆ గులాబీ కుండీ దగ్గర ఆగిపోయాను.

మీరు చెడ్డ మనసుతో అనలేదని నాకు తెలుసు. కనిగిరి వైపు నీళ్లంటే ఏమిటో నేను చూసినదాన్ని. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియదు, పడితే అందులో ఫ్లోరైడు. తాగే నీళ్లు టిన్నుల్లో కొనుక్కోవాలి. బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకి, అంట్లు తోమిన నీళ్లు అరటి పిలకకు, స్నానాల నీళ్లు కరివేపాకు చెట్టు పాదులోకి వెళ్లేలా చిన్న కాలువ తీసుకున్న ఇళ్లు అవి. అక్కడ పెరిగిన మనిషి, వాన నీళ్లతో నిండిన కుండీలో ఇంకో బకెట్ కుమ్మరించడం చూస్తే నోరు ఊరుకోదు. మీరు నీళ్లను చూసి అన్నారు. ఆమె మాత్రం 'నీకు చేతకాదు' అన్నట్టు విన్నది. అందులోనూ నలుగురిలో.

పైగా మీరు చెప్పింది నిజం. మట్టిలో సందులన్నీ నీళ్లతో నిండిపోతే వేరుకు గాలి ఆడదు. ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోతాయి. అది చూసి నీళ్లు చాలలేదేమో అనుకొని ఇంకా పోస్తారు. చాలా ఇళ్లలో గులాబీలు ఇలాగే పోతాయి. మీ మాట నిజం కాబట్టే ఆమెకు ఇంకా గట్టిగా తగిలింది.

నాకూ ఇలాంటిదే జరిగింది. నేను ఒంగోలు నుంచి నెల్లూరుకు కోడలిగా వచ్చినదాన్ని. 1980ల్లో మూలాపేటలో నాలుగు వాటాల పాత ఇంట్లో ఉండేవాళ్లం. మధ్యలో బావి, బావి చుట్టూ ఎవరి మొక్కలు వాళ్లవి. పక్క వాటాలో ఒకామె ఉండేది, నాకంటే నాలుగేళ్లు పెద్దది, వదినా అని పిలిచేదాన్ని. ఆమెకు ఒక పాత డ్రమ్ములో పారిజాతం ఉండేది. కాండం సగం పుచ్చిపోయింది, పూత పూసి ఏడాది దాటింది. ఒకరోజు నీళ్లు తోడుకుంటూ "దాన్ని పీకేసి మంచి మొక్క పెట్టుకోరాదా వదినా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను బావి దగ్గరకు వస్తే ఆమె బిందె ఎత్తుకొని లోపలికి వెళ్లిపోయేది. నెల రోజులు అలాగే గడిచింది. నాకు కారణం తెలియదు. పొగరనుకున్నాను.

వేసవి వచ్చింది. మా పెద్దమ్మాయికి పూలజడ వెయ్యాలి. మల్లెమొగ్గలు బజారులో తెచ్చుకున్నాను, మరువం దొరకలేదు. ఆమె కుండీలో మరువం గుబురుగా ఉంది. ఆమె గుమ్మం ముందు చాలాసేపు నిలబడి, చివరికి "వదినా, నాలుగు మరువం రెమ్మలు ఇస్తావా, పాపకు జడ కుడుతున్నా" అని అడిగాను. ఆమె రెమ్మలు తుంచుకొని తనే మా వాటాలోకి వచ్చింది. పీట వేసుకొని కూర్చుని, నా చేతిలో సూది తీసుకొని, జడ మొత్తం తనే కుట్టింది. సగం జడ అయ్యాక పారిజాతం సంగతి చెప్పింది. వాళ్లమ్మ గూడూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన మొక్కట అది. ఆవిడ కూతురింటికి రావడం అదే ఆఖరిసారి. నేను "తప్పయింది వదినా" అన్నాను. విన్నదో లేదో తెలియదు. "ఆ పెద్ద మొగ్గలు ఇటివ్వు" అంది.

సలహా చెప్పే మనిషి, ఎంత ప్రేమతో చెప్పినా, ఒక మెట్టు పైన నిలబడినట్టు కనిపిస్తుంది. అడిగే మనిషి కింద నిలబడుతుంది. మొక్కలు పెంచేవాళ్లలో, కొమ్మ అడగడానికి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. అందుకని మీకు నేను చెప్పేది ఇదే. మాట్లాడటం ఎలా అని ఆలోచించకండి. ముందు ఏదైనా ఒకటి అడగండి.

మీరు రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నారు కాబట్టి రొట్టెల పండుగ సంగతి వినే ఉంటారు. మొహరం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం నీళ్లలోకి దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అని పేరు పెట్టి పిలుస్తారు. కోరిక ఉన్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె పుచ్చుకొని తింటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి, ఆ రొట్టె కోసం చూస్తున్న ఇంకొకరి చేతిలో పెడతారు. హిందువులా ముస్లింలా అని ఎవరూ చూడరు. మొదటిసారి ఆ చెరువులో దిగే మనిషి పుచ్చుకోవడానికే దిగుతుంది. ఇవ్వడం తర్వాతి ఏడాది సంగతి. మిద్దె మీద మీరు ఇంకా ఆ మొదటి ఏడాదిలోనే ఉన్నారు.

కాబట్టి రేపు ఆమె గులాబీ దగ్గరకే వెళ్లండి. అందరూ ఉన్నప్పుడే వెళ్లండి, మాట నలుగురిలో జారింది కాబట్టి నలుగురిలోనే సర్దుకోవాలి. పొడుగాటి క్షమాపణలు వద్దు. అవి వింటూ ఏం జవాబు చెప్పాలో తెలియక ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంది. "ఆ రోజు నా నోరు జారిందమ్మా, మా వైపు మాట కాస్త గరుకు. మీ గులాబీ రంగు బాగుంది. కత్తిరించినప్పుడు నాకొక కొమ్మ ఇస్తారా?" అని అడగండి. అంత చాలు. ఈ వానలు తగ్గాక గులాబీలు కత్తిరించే రోజులే కాబట్టి ఆమెకూ అది వింతగా అనిపించదు.

కొమ్మ ఇస్తే, పెన్సిలంత లావు ఉన్న ముదురు కొమ్మను జానెడు పొడుగున ఏటవాలుగా కోసి, రెండు కణుపులు మట్టిలోకి దిగేలా నాటి, నీడలో పెట్టండి. నాటు గులాబీ అయితే సులువుగా వేరు పోస్తుంది. అంటు కట్టిన రకమైతే చాలాసార్లు ఎండిపోతుంది. ఎండిపోయినా నష్టం లేదు, ఆ సంగతి చెప్పి ఇంకో కొమ్మ అడగడానికి మళ్లీ ఆమె దగ్గరకు వెళ్తారు.

ఆమె "చూద్దాం లెండి" అని ముభావంగా అంటే? అనొచ్చు. మూడు వారాలు మోసిన కోపం ఒక్క మాటతో దిగదు. వారం రోజులు ఏమీ అనకుండా, ఎదురుపడితే నవ్వి, మీ పని మీరు చేసుకోండి. రెండోసారి అడగాల్సిన పని చాలామందికి రాదు. ఇక మిగతావాళ్లు గొంతు తగ్గిస్తున్నారన్నారు. ఒకరు మొహం తిప్పుకుంటే పక్కవాళ్ల ప్రతి గుసగుసా మన మీదే అనిపిస్తుంది, నాకూ ఆ నెల రోజులు అలాగే అనిపించింది. ఆ వాటాల్లో వాళ్లు అప్పుడు మాట్లాడుకున్నది ఇంటి అద్దె పెంచిన సంగతి అని తర్వాత తెలిసింది.

వాళ్ల మొక్కల పేర్లు చూసి మీరు వెనక్కి తగ్గారు కదా, ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అడీనియం అంటే ఎడారి గులాబీ. ఆఫ్రికా, అరేబియాల ఎండు నేలల్లో పుట్టిన మొక్క. మొదలు దగ్గర బొద్దుగా ఉండే ఆ దుంపలాంటి కాండంలోనే నీళ్లు దాచుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే దుంప మెత్తబడి కుళ్లిపోతుంది. నెల్లూరులో చాలామంది ఈ మొక్కను అక్టోబరు, నవంబరు వానల్లో పోగొట్టుకుంటారు. నీళ్లు లెక్కపెట్టి పోసే కనిగిరి చెయ్యి దానికి సరిగ్గా సరిపోతుంది. పెటునియా ఒక్క చలికాలం పువ్వు, మన ఎండలు ముదిరేసరికి పోతుంది. ఆ పేర్లు మీకు రెండు సాయంత్రాల్లో వచ్చేస్తాయి. మీ బంతి కూడా ఒకప్పుడు అలాంటి కొత్త పేరే. అది మెక్సికో నుంచి వచ్చిన పువ్వు. ఇప్పుడు బంతి లేకుండా మనకు గుమ్మానికి తోరణం లేదు. మీ కనకాంబరం మాత్రం అచ్చంగా మన దక్షిణ దేశపు మొక్క.

మొక్కల దగ్గర మాటల్లో ఒక సుఖం ఉంది. ఎదురెదురుగా కుర్చీలు వేసుకొని కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడాలి, లేకపోతే బాగుండదు. కుండీల దగ్గర చేతులు పనిలో ఉంటాయి. ఎండుటాకు తుంచుతూ, కలుపు పీకుతూ, కళ్లు మొక్క మీదే పెట్టి మాట్లాడొచ్చు. మాట లేకపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. అందుకే మొహం చూసి చెప్పలేని మాటలు అక్కడ సులువుగా వస్తాయి. మా మిద్దె మీద మొన్న విన్న మాటలు ఇవి.

"ఏంది వదినా, మీ మందారానికి పిండినల్లి పట్టిందే?"

"అవునక్కా, వేపనూనె కొట్టా. పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది."

"సబ్బునీళ్లు కలిపావా? కలపకపోతే నూనె పైకి తేలుద్ది, ఆకుకు పట్టదు."

"మర్చిపోయానక్కా. నిన్న రాత్రంతా పాపకు జొరం, నిద్ర లేదు."

"అయ్యో, ఇప్పుడెట్టా ఉంది? మిరియాల చారు పెట్టి పంపిస్తా ఉండు."

పిండినల్లి దగ్గర మొదలైన మాట నాలుగో మాటకు పాప జ్వరం దగ్గరకు చేరింది. ఆ రాత్రి చారు గిన్నె కూడా చేరింది. మందారానికి ఏమైందని అడగకుండా, తిన్నగా మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి ఉంటే "ఆ, బాగున్నాం" అనే జవాబు వచ్చేది. మీరు గంటసేపు విన్న కబుర్లన్నీ ఇలాంటివే. మీ అబ్బాయి సోది అన్నాడు. మన పల్లెల్లో ఎరుకలసాని దగ్గర సోది చెప్పించుకునేవాళ్లు ఎందుకు కూర్చునేవాళ్లు? మనసులో మెలిపెడుతున్నది ఎవరో ఒకరు బయటికి తీస్తారని. మీ అబ్బాయి మీద కోపం తెచ్చుకోకండి. అతనికి ఆఫీసులో టీ దగ్గర నలుగురు ఉన్నారు, ఆ మాటల్ని అతను మాటలని కూడా అనుకోడు. ఊళ్లో ఉన్నప్పుడు మీకు కుళాయి దగ్గర, గుడి దగ్గర, అరుగు మీద నలుగురు ఉండేవాళ్లు. ఇక్కడికి వచ్చేటప్పుడు ఇల్లు, సామాను, మందులు తెచ్చుకున్నారు గానీ ఆ నలుగురినీ తెచ్చుకోలేకపోయారు. మళ్లీ నలుగురు కావాలనుకోవడం తప్పెందుకవుతుంది? ఒక సాయంత్రం మీ మనవడిని కూడా పైకి తీసుకెళ్లండి. ఎండిన కనకాంబరం కంకి మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి పక్కన నిలబడమనండి. కాయలు టప్‌మని పగిలి గింజలు ఎగురుతాయి. వాడు ఆపకుండా అడుగుతాడు, మిగతా పిల్లలూ చేరతారు, పిల్లల వెంట వాళ్ల అమ్మలూ వస్తారు.

ఇక మీ మూడు ప్రశ్నలు. ఇవి నాకు రాశారు, మంచిదే. అయితే మిద్దె మీద అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే. ముఖ్యంగా ఆ తెల్లటి ఉప్పు సంగతి. మీ అపార్ట్‌మెంటులో అందరికీ ఒకటే ట్యాంకు, ఒకటే బోరు నీళ్లు. మీ కుండీల అంచున ఉన్నదే అందరి కుండీలకూ ఉంటుంది. బోరు నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, నీళ్లు ఆవిరైపోయాక అంచులకు, మట్టి పైన తెల్లగా మిగిలిపోతాయి. అవి పెరిగేకొద్దీ ఆకుల చివరలు మాడతాయి. గులాబీ దీనికి తొందరగా లొంగిపోతుంది. గన్నేరు, కాగితంపూలు, బిళ్లగన్నేరు బాగా తట్టుకుంటాయి. మన నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంది. ఈ వాన నీళ్లే ఆ ఉప్పుకు మందు. కుండీల కింద పళ్లాలు తీసెయ్యండి, అడుగు రంధ్రాలు మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడవండి. వాన నీళ్లు పైనుంచి పడి కిందకు కారిపోతూ ఉప్పును కడిగేస్తాయి. వేసవిలో ఏసీ నుంచి కారే నీళ్లను బకెట్‌లో పట్టుకోండి, వాటిలో ఉప్పు ఉండదు. తాగునీటి ఫిల్టరు వదిలేసే వృథా నీళ్లు మాత్రం మొక్కలకు పోయొద్దు, ఉప్పంతా వాటిలోకే చేరుతుంది. ఇంత చెప్పాను గానీ, మీరు మిద్దె మీద "మీ కుండీలకూ తెల్లగా వస్తోందా?" అని అడగండి. ఎవరో ఒకరు ఏసీ నీళ్లు పట్టే ఏర్పాటు చేసే ఉంటారు.

కనకాంబరాల సంగతి. చచ్చిపోయిన మొక్కను పీకి వేర్లు నీళ్లలో కడిగి చూడండి. నల్లగా మెత్తగా ఉంటే వానకు నీళ్లు నిలిచి కుళ్లిందని అర్థం. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటే నులిపురుగులు, అంటే మట్టిలో ఉండి వేర్లను పట్టే సన్నటి పురుగులు, పట్టాయి. కనకాంబరానికి ఇది తరచుగా వచ్చే జబ్బు. ఆ మట్టిలో మళ్లీ కనకాంబరం పెట్టొద్దు. అదే కుండీలో బంతి వెయ్యండి, బంతి వేర్లు ఆ నులిపురుగులను తగ్గిస్తాయి. కొత్త కుండీలో ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి గింజలు చల్లుకోండి. మీ మనవడు పేల్చిన గింజలే చాలు.

మల్లె గురించి ఎక్కువ చెప్పాలి, నాకు ఇష్టమైన పువ్వు. మల్లె ఆకులే వేసి పూత పూయకపోతే చాలావరకు రెండు కారణాలు. ఎండ చాలకపోవడం, ఎప్పుడూ కత్తిరించకపోవడం. మల్లె పాత కొమ్మ మీద పూయదు, కొత్తగా వచ్చిన చిగురు చివర మొగ్గ తొడుగుతుంది. ఏడాదికొకసారి కత్తిరించకపోతే పాత కొమ్మలు పొడుగ్గా తీగలు సాగి ఆకులతో కాలం గడిపేస్తాయి. మన వైపు పూల రైతులు వానలు వెనకబట్టాక, డిసెంబరు, జనవరిలో కొన్ని రోజులు నీళ్లు ఆపి, మొక్కను వాడనిచ్చి, ఆకు దులిపి, మోకాలెత్తుకు కొమ్మలు కోసేస్తారు. తర్వాత ఎరువు వేసి నీళ్లు పెడతారు. ఎండలు మొదలయ్యేసరికి చిగురు, చిగురు వెంట మొగ్గ. మీరూ అదే చెయ్యండి, కుండీ కాబట్టి ఇంకాస్త మెత్తగా. వాన పూర్తిగా తెరిపిచ్చిన తర్వాత పది రోజులు నీళ్లు బాగా తగ్గించండి. కొమ్మలన్నిటినీ సగానికి పైగా కోసెయ్యండి. ఎండు కొమ్మలు, సన్నటి బలహీనమైన రెమ్మలు పూర్తిగా తీసెయ్యండి. మిగిలిన ఆకులు చేత్తో దూసెయ్యండి. చూస్తే బాధగా ఉంటుంది, అయినా చెయ్యండి. పైమట్టి రెండంగుళాలు తీసి, మాగిన పశువుల ఎరువు నింపి, నిండుగా నీళ్లు పోయండి. తర్వాత మట్టి పైన ఆరితేనే మళ్లీ నీళ్లు. పూత మొదలయ్యాక, ఒక విడత పూలు అయిపోగానే ఆ కొమ్మల కొసలు రెండు కణుపుల కిందకు తుంచుతూ ఉంటే వేసవంతా విడతలు విడతలుగా పూస్తుంది.

అయితే ఇదంతా చేసినా, ఎండ లేకపోతే పూత రాదు. మల్లెకు రోజుకు కనీసం అయిదారు గంటల తిన్నని ఎండ కావాలి. మీ కుండీలన్నీ వాటర్ ట్యాంకు పక్కన ఉన్నాయని రాశారు. ఆ ట్యాంకు నీడ సగం రోజు మీ మల్లె మీదే పడుతోందని నా అనుమానం. రేపు ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగుకు పైకి వెళ్లి చూడండి. నీడలోనే ఉంటే దాన్ని అక్కడి నుంచి తీసి, మిగతావాళ్ల కుండీలు ఉన్న ఎండలోకి మార్చాలి.

ఇంకో పది రోజుల్లో ధనుర్మాసం. పొద్దున్నే ముగ్గులు, గొబ్బెమ్మలు. పట్నంలో గొబ్బెమ్మకు గుచ్చడానికి గుప్పెడు బంతిపూలు కావాలంటే బజారుకు పరిగెత్తాలి. అపార్ట్‌మెంటు గేటు ముందు ముగ్గేసే పిల్లలు పూల కోసం పైకి వస్తారు. అడీనియం గొబ్బెమ్మకు పెట్టరు. మీ బంతి అప్పటికి విరగబూసి ఉంటుంది, ఇప్పుడే వాడిన పూలు తుంచేస్తే ఇంకా ఎక్కువ మొగ్గలు వేస్తుంది. ఎవరైనా అడిగితే ఇవ్వండి, మీ అంతట మీరు గిన్నెలు పట్టుకొని ఇంటింటికీ వెళ్లొద్దు. పూలు మాల కట్టడం మీకు వచ్చే ఉంటుంది. ఇప్పటి అమ్మాయిల్లో చాలామందికి రాదు, నేర్పమని అడుగుతారు. కాళ్లు చాపుకొని కూర్చుని బొటనవేలికి దారం చుట్టి ఎలా కట్టాలో చూపించండి. అప్పుడు మీరు ఎన్ని సలహాలు చెప్పినా వింటారు.

ఇదంతా ధనుర్మాసం సంగతి. రేపటి పని మల్లె కుండీ. నిండా మట్టి ఉన్న పెద్ద కుండీ, పైగా వానకు తడిసి ఉంది. మీ మోకాళ్ల సంగతి మీరు రాయలేదు గానీ ఈ వయసులో అందరివీ ఒకటే. సాయంత్రం అయిదున్నర దాకా ఆగండి. ఆ గులాబీ ఆమె ఉంటే ఆమెనే, లేకపోతే ఎవరు దగ్గర ఉంటే వాళ్లను పిలిచి "కాస్త చెయ్యి వేస్తారా?" అని అడగండి. ఆ కుండీ మీరొక్కరే ఎత్తొద్దు.